నేను చూడని పేటలో నా ఉద్యోగం

డర్బన్ శివార్లలో కొండ మీద ఒక పేట ఉంది. అక్కడ చెత్త బండి ఏ వారం వస్తుందో, తాజా చేప ఏ కొట్లో దొరుకుతుందో, చీకటి పడ్డాక ఏ దారిలో నడవకూడదో నాకు బాగా తెలుసు. ఆ పేటలో నేనెప్పుడూ కాలు పెట్టలేదు. అసలు దక్షిణాఫ్రికాయే చూడలేదు. ఉద్యోగంలో చివరి కొన్నేళ్ళు మాత్రం ఆ పేట మంచిచెడ్డలు చూస్తూనే గడిపాను. యాంగోన్‌లో, అంటే పాత రంగూన్‌లో, తాకేటా పేటలోని మా ఇంటి ముందు గదిలో, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని.

ఇప్పుడు మన వీధుల్లో ఇంటి నుంచే దూరదేశాల పని చేసే పిల్లలు చాలామందే ఉన్నారు. "ఆంటీ, మీ కాలంలో ఇలాంటివి ఎక్కడివి?" అంటుంటారు నాతో. నా కాలం ఇంకా అయిపోలేదమ్మా. మొన్నమొన్నటిదాకా నేనూ మీలాగే చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, తెరకేసి చూసి నవ్వుతూ కూర్చున్నదాన్నే. అందుకే ఈ సంగతి మీకు చెప్పాలనిపించింది.

మా ముత్తాత విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడి రేవులో బియ్యం మూటలు మోశాడు. మా నాన్న అదే రేవులో క్రేను నడిపాడు. నేను ఈ ఊళ్ళోనే లమ్మడా పేటలో ఒక ఓడల ఏజెంటు ఆఫీసులో గుమస్తాగా చేరి, అక్కడే జుట్టు నెరిపించుకున్నాను. ఆఫీసు మూతపడ్డాక ఇంకెవరూ పనిలో పెట్టుకోలేదు. వయసు అడుగుతారు, చెబితే "కబురు చేస్తాం" అంటారు. ఆ కబురు రాదని తెలియనంత చిన్నపిల్లని కాను కదా. అలాంటి రోజుల్లో పాత ఆఫీసు స్నేహితురాలు ఒకావిడ ఫోన్ చేసి, "ఇంగ్లీషు వచ్చి, ఓపికున్న మనిషి కావాలిట. ఇంట్లోనే పని" అంది. నాకు రెండోది కాస్త తక్కువే అయినా ఒప్పుకున్నాను.

ఆ కొండ మీది పేటలో ఒకావిడకి పెద్ద పాత ఇల్లు ఉంది. దాన్ని గదులు గదులుగా చేసి, లాప్‌టాప్ మీద పని చేసుకునే వాళ్ళకి నెలల లెక్కన అద్దెకిచ్చేది. ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చేవారు. పొద్దున్నే హాల్లో పొడవాటి బల్ల చుట్టూ కూర్చుని ఎవరి దేశం పని వాళ్ళు చేసుకునేవారు. సాయంత్రం తోటలో మాంసం కాల్చుకునేవారు. యజమానురాలు వేరే ఊళ్ళో ఉండేది. ఇల్లు చూసుకోడానికి అక్కడొక మనిషి, అతిథుల ప్రశ్నలకి జవాబులివ్వడానికి ఇక్కడ నేను. నాకు మధ్యాహ్నం భోజనం అయ్యేసరికి వాళ్ళకి తెల్లవారేది. పప్పూ అన్నం తిని చెయ్యి కడుక్కుని వచ్చేసరికి, "గుడ్ మార్నింగ్, వేడినీళ్ళు రావడం లేదు" అని తెర మీద ఎవరో ఒకరు తయారుగా ఉండేవారు.

మొదట్లో ఆ ఊరి ఇంగ్లీషు నన్ను ముప్పుతిప్పలు పెట్టింది. ఒకతను "మన మూల మీద రోబో చెడిపోయింది" అని రాశాడు. ఇల్లు ఊడ్చే యంత్రం కాబోలనుకుని, "దాన్ని తుడిచి చార్జింగ్‌కి పెట్టండి" అని మర్యాదగా జవాబిచ్చాను. అక్కడ ట్రాఫిక్ లైటుని రోబో అంటారుట! ఆ సాయంత్రం తోటలో ఈ మాట చెప్పుకుని అందరూ తెగ నవ్వుకున్నారని తర్వాత తెలిసింది. "జస్ట్ నౌ వస్తా" అంటే ఇప్పుడే వస్తారని కాదు, ఎప్పుడో వస్తారని. అది తెలియక ఒక ప్లంబర్ కోసం అతిథులందర్నీ రోజంతా ఇంట్లో కూర్చోబెట్టాను.

కరెంటు సంగతి మరీ విచిత్రం. అక్కడా వంతులవారీగా తీసేసేవారు. "రెండు గంటలు కరెంటు లేకపోతే మనిషన్నవాడు ఎలా పని చేస్తాడు?" అని ఒకమ్మాయి బాధపడిపోతూ రాసేది. నేను ఆగిపోయిన ఫ్యాను కింద, విసనకర్ర ఒక చేత్తో, టైపు ఒక చేత్తో, "మీ ఇబ్బంది నాకు అర్థమైంది" అని జవాబిచ్చేదాన్ని. మన తాకేటాలో కరెంటు ఎలా వస్తుందో, ఎలా పోతుందో ఆ అమ్మాయికి చెప్పి ఏం లాభం?

అక్కడ ఇల్లు చూసుకునే ఆవిడకి మాత్రం నేనంటే పడేది కాదు. నాకంటే నాలుగైదేళ్ళు చిన్నది. వంట, శుభ్రం, తోట, తాళాలు అన్నీ ఆవిడే. ఇంటి వెనక గదిలో ఉండేది. యజమానురాలు ఏ మాట చెప్పాలన్నా నా ద్వారా చెప్పించేది, దిండ్లు ఎక్కడ పెట్టాలో కూడా. దానికి ఒళ్ళు మండి ఒకరోజు ఆవిడ నాకు వాయిస్ మెసేజ్ పెట్టింది. "బర్మాలో కూర్చున్న మేడమ్‌కి నా వంటింట్లో ఏం పని?" అని. ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ కనిపించలేదు నాకు. కానీ కోపం కోపమే కదా, రెండు రోజులు ముక్తసరిగా మాట్లాడాను.

తర్వాత ఒకనాడు గ్యాసు గురించి ఫోన్‌లో వాదించుకుంటున్నాం. ఆవిడ ఒక పక్క వంట చేస్తోంది. మధ్యలో పెనం తగిలి చెయ్యి కాలింది.

"ఓలమ్మో!" అని అరిచింది.

నా చేతిలో పెన్ను ఆగిపోయింది. ఆ అరుపు మా అమ్మది, మా మేనత్తలది. నాకు తెలియకుండానే నోట్లోంచి వచ్చేసింది. "ఏటన్నావు? ఏటయిందే?"

అవతల గిన్నె దించిన శబ్దం వినిపించింది. తర్వాత ఆవిడ ఇంగ్లీషులో, చాలా నెమ్మదిగా అడిగింది. "మీరిప్పుడు ఏ భాష మాట్లాడారు? మా మామ్మ అలాగే మాట్లాడేది."

వాళ్ళ పూర్వీకులు కూడా మన వైపు వాళ్ళే. మనవాళ్ళు ఎక్కిన ఓడ ఇటు తిరిగింది, వాళ్ళది చెరకు తోటల పని కోసం ఆఫ్రికా వైపు తిరిగింది. ఆవిడకి మిగిలిన తెలుగు గుప్పెడు మాటలే. అన్నం, నీళ్ళు, ఉప్పు, రా, పో. చెట్టెక్కితే మామ్మ కింద నుంచి అరిచే "పడిపోతావు". ఇంకా, "మామ్మ నన్ను గుంటా అని పిలిచేది. అది నా ఒక్కదానికే పెట్టిన ముద్దుపేరు అనుకుంటా. అర్థం ఎవరికీ తెలీదు" అంది.

"ముద్దుపేరు కాదు చెల్లీ. గుంట అంటే ఆడపిల్ల. మన వైపు అలాగే అంటారు. నన్నూ అలాగే పిలిచేవారు" అన్నాను.

ఆవిడ ఏడ్చిందో నవ్విందో నాకు తెలియలేదు. "అయితే మనిద్దరిదీ ఒకటే పేరన్నమాట" అంది చివరికి. గ్యాసు మాట ఇద్దరం మరిచిపోయాం. ఆ రోజు అతిథులు చల్లటి రొట్టె తిన్నారు.

అప్పటి నుంచి ఆవిడ నన్ను అక్కా అనడం మొదలుపెట్టింది. పని మాటలయ్యాక రోజుకో తెలుగు మాట అడిగి నేర్చుకునేది. గరిటె, చేట, వాన, గోడ. నేర్చుకున్నదాన్ని ఇంట్లో గిన్నెలతోనూ మొక్కలతోనూ మాట్లాడి అలవాటు చేసుకునేదిట. అతిథులు ఆశ్చర్యంగా చూస్తే "బర్మా భాష" అని చెప్పేది, మహా గడుసుది.

ఇక అసలు రోజు గురించి.

ఇక్కడ బర్మా ఉగాది, నీళ్ళ పండుగ ముందటి ఎండలు. కాలవ మీంచి గాలి కూడా రావడం లేదు. అక్కడ మాత్రం వారం నుంచి ఒకటే వాన. మధ్యాహ్నం నేను బల్ల దగ్గరికొచ్చేసరికి ఆవిడ ఫోన్ చేసింది. చుట్టూ మనుషులున్నట్టున్నారు, గొంతు తగ్గించి మాట్లాడింది.

"అక్కా, గోడ. వెనక గోడ. పడిపోతాది."

"ఏ గోడ? తోట గోడా?"

"అవును. కొండ... నీళ్ళు. ఎర్ర నీళ్ళు." తెలుగు అక్కడితో అయిపోయి ఇంగ్లీషులోకి దిగింది. కొండ వైపు గోడ ముందుకి ఒరిగిందిట. వెనక వరండా నేల మీద పొడుగ్గా పగులు వచ్చిందిట. అతిథులూ చూశారు. అక్కడే ఉండి పిల్లలకి ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పే టీచరమ్మ బ్యాగు సర్దుకుని మరీ నిలబడింది. "వెళ్ళిపోవాలా, ఉండాలా, ఆఫీసు వాళ్ళు చెప్పండి" అంటున్నారు అందరూ. ఆఫీసు అంటే ఎవరు? నేనే.

యజమానురాలు ఒక నియమం పెట్టింది. తనని అడగకుండా అతిథుల్ని ఇంట్లోంచి కదిలించకూడదు. అంతకుముందు ఎవరో పుకారు నమ్మి అందర్నీ హోటలుకి పంపించేసి, తర్వాత నానా గొడవా అయిందిట. ఆవిడ భయం ఆవిడది. ఫోన్ చేశాను, కలవలేదు. మెసేజ్ పెట్టాను, చేరలేదు. అప్పుడు గుర్తొచ్చింది, ఆవిడ ఆ వేళ విమానంలో ఉంది. సాయంత్రం దాకా దిగదు.

మీకు ఒక మాట చెప్పాలి. దూరం నుంచి పని చేసేటప్పుడు మనకి తెర మీద కనిపించేదే లోకం అనిపిస్తుంది. ఆ మధ్యాహ్నం నాకు తెర మీద ఏమీ కనిపించలేదు. ఆ తోటలో పెట్టిన కెమెరా అద్దం మీద నీళ్ళు కారుతున్నాయి. నాకున్న ఆధారమల్లా అక్కా అని పిలిచిన ఆ గొంతు ఒక్కటే. ఆ గొంతులో ఉన్న భయం నాకు భాష లేకుండానే తెలిసింది. అది అబద్ధమైతే ఉద్యోగం పోతుంది. నిజమై, నేను ఊరుకుంటే?

"గుడి హాలు తెరిచుందా?" అని అడిగాను. రోడ్డుకి అవతల గట్టి నేల మీద ఒక గుడి ఉందని, దానికి పెద్ద హాలు ఉందని నాకు తెలుసు. పండగలప్పుడు పార్కింగ్ దొరకదని అతిథులకి నేనే చెప్పేదాన్ని.

"తెరిచే ఉంది."

"సరే, అందర్నీ పంపెయ్. నేను రాస్తున్నాను."

అతిథులందరికీ కలిపి రాశాను. ఇల్లు వెంటనే ఖాళీ చెయ్యండి, గుడి హాలుకి వెళ్ళండి, ఇది ఆఫీసు నిర్ణయం, సామాను తర్వాత. పంపించే మీట నొక్కాను. వెళ్ళిందో లేదో చూసుకునేలోపు కరెంటు పోయింది. మా ఇంటి ఇన్వర్టరు పాత బ్యాటరీ ఆ వేసవికే చచ్చింది. ఫోన్‌లో నెట్ గుండ్రంగా తిరుగుతూనే ఉంది.

లాప్‌టాప్ చంకన పెట్టుకుని, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా వీధి మూల టీకొట్టుకి పరుగెత్తాను. ఆ కొట్టు పెద్దాయనకి జనరేటరు ఉంది. ఫుట్‌బాల్ చూడ్డానికొచ్చే వాళ్ళ కోసం మంచి నెట్ కూడా పెట్టించాడు. నా అవతారం చూసి కంగారుపడ్డాడు.

"ఏమైందమ్మా? ఇంట్లో ఎవరికైనా బాగోలేదా?" అన్నాడు బర్మీస్‌లో.

"మా చెల్లి ఇల్లు కూలిపోయేలా ఉంది" అన్నాను.

"ఎక్కడ? అవతలి వీధిలోనా?"

"ఆఫ్రికాలో."

ఆయన ఒక్క క్షణం నా మొహంలోకి చూశాడు. మరో ప్రశ్న వెయ్యలేదు. టీవీ తీగ పీకేసి నా లాప్‌టాప్‌కి చోటిచ్చి, కొట్లో అందర్నీ నెమ్మదిగా మాట్లాడమని కసిరాడు.

నా మెసేజ్ వెళ్ళింది. అతిథులు ఒక్కొక్కరే గుడి హాలు నుంచి జవాబులు పెడుతున్నారు. అమెరికా వేళల్లో పని చేసి పగలు నిద్రపోయే కుర్రాణ్ణి, చెవుల్లో దూది పెట్టుకుని పడుకున్నవాణ్ణి, మా చెల్లే కాలు పట్టి లాగి లేపిందిట. దుప్పటి కప్పుకుని, లాప్‌టాప్ పొట్టకి అదుముకుని చెప్పుల్లేకుండా వచ్చాడని టీచరమ్మ రాసింది. అందరూ వచ్చేశారు. ఆవిడ మాత్రం రాలేదు.

ఫోన్ చేశాను. చాలాసేపు మోగాక ఎత్తింది.

"ఎక్కడున్నావు?"

"ఇంట్లోనే. కిటికీలు మూస్తున్నాను. ఇన్వర్టరు కట్టెయ్యాలి. గదులకి తాళాలు వెయ్యాలి. అందరి సామానూ ఇక్కడే ఉంది అక్కా. ఏదైనా పోతే నన్నే అంటారు."

"ఎవరూ అనరు. రా బయటికి."

"మీకు తెలీదు. ఎప్పుడూ నన్నే అంటారు."

మాటల మధ్యలో ఏదో విరిగినట్టు చిన్న చప్పుడు. ఆవిడ అదేమీ పట్టించుకోకుండా తాళాలు వెతుక్కుంటోంది, గుత్తి గలగలలు వినిపిస్తున్నాయి. నాకు ఇంగ్లీషు అయిపోయింది. ఆఫీసు మర్యాద అయిపోయింది. టీకొట్లో లేచి నిలబడి, మా అమ్మ నన్ను కాలవ గట్టు మీద నుంచి అరిచినట్టు అరిచాను.

"ఓలే గుంటా! తాలాలొద్దు, ఏటీ వద్దు! పడిపోతాది, రా! బైటికి రా!"

కొట్లో అందరూ నా వైపు తిరిగారు. ఫోన్‌లో గుత్తి కింద పడిన చప్పుడు, అడుగుల చప్పుడు, వాన చప్పుడు. ఆమె ఊపిరి. వాన ఇంకా గట్టిగా. ఆ తర్వాత ఇంకేదో చప్పుడు. దాన్ని నేను మాటల్లో చెప్పలేను. లారీ మట్టి గుమ్మరించినట్టు మొదలై, ఆగకుండా సాగింది. ఫోన్ తెగిపోయింది.

టీకొట్టు పెద్దాయన నా ముందు టీ పెట్టాడు. నేను తాగలేదు. పక్క బల్ల దగ్గర కూర్చున్న సైడ్‌కారు రిక్షా తొక్కే అతను తన ఫోను నా ముందుకి తోసి, "దీంతో చెయ్యండి, ఇది పట్టుకుంటుంది" అన్నాడు, సముద్రాలవతలికి అదేదో బాగా పలుకుతుందన్నట్టు. అతని మంచితనానికి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ప్రార్థన చేద్దామంటే మాటలు కూడుకోలేదు. "ప్రభువా, ప్రభువా" అంటూ కూర్చున్నాను, అంతే.

చివరికి ఫోన్ మోగింది. టీచరమ్మ నంబరు. గొంతు మాత్రం ఆవిడదే.

"అక్కా, వచ్చీసినాను."

వంటిల్లు, వెనక వరండా, ఆవిడ గది మట్టి కిందకి పోయాయి. ఎవరికీ గీత కూడా పడలేదు. నేను టీకొట్లో అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాను. పెద్దాయన చల్లారిన టీ తీసేసి వేడిది పెట్టి, "మీ చెల్లి బాగుందా?" అన్నాడు. బాగుందన్నాను. ఆయన జనరేటరు శబ్దాన్ని మించి చప్పట్లు కొట్టాడు, తర్వాత టీవీ పెట్టుకున్నాడు.

యజమానురాలు విమానం దిగి ఫోన్ చేసింది. నేను జరిగింది చెప్పాను, నన్ను అడగలేదేం అంటుందేమోనని ఎదురుచూశాను. అనలేదు. "నేనైతే ఇంకో గంట చూద్దాం అనేదాన్ని" అంది. ఆ మాట నిజాయితీగా అంది. నాకు ఆవిడ మీద గౌరవం పెరిగింది ఆ రోజు.

అతిథులు కొన్నాళ్ళు ఆ గుడి హాల్లోనే ఉన్నారు. గుడివాళ్ళు ఊళ్ళో ఇళ్ళు పోయిన వాళ్ళందరికీ వండి పెడుతుంటే వీళ్ళూ కూరలు తరిగారు. అమెరికా వేళల కుర్రాడు బంగాళాదుంపల బస్తాల మధ్య కూర్చుని మీటింగులు చేశాడు. ఇదంతా వాళ్ళే నాకు ఫోటోలు తీసి పంపారు. జవాబులివ్వడానికి ఇక ప్రశ్నలేవీ లేకపోయినా నేను మధ్యాహ్నం భోజనం చేసి బల్ల దగ్గరికి వచ్చి కూర్చునేదాన్ని. అలా కూర్చుని కూర్చుని, ఒకనాటికి నా ఉద్యోగం అయిపోయిందని అర్థమైంది. వీడ్కోలు సభ లేదు, పూలదండ లేదు. లమ్మడా ఆఫీసులో అయినా ఒక గడియారం ఇచ్చారు.

నెలలు గడిచాయి. కిందటేడు చెల్లి ఫోన్ చేసింది. యజమానురాలు కొండకి దూరంగా, చదును నేల మీద ఇంకో ఇల్లు తీసుకుందిట. దాన్ని నడపమని తననే అడిగిందిట, మేనేజరుగా. "అతిథుల్ని ఎప్పుడు పంపాలో నేనే చెబుతాను, ఎవర్నీ అడగను అన్నాను. ఒప్పుకుంది" అంది ఆవిడ. తర్వాత అసలు మాట చెప్పింది. "అక్కా, ఫోన్ దగ్గర నువ్వే కావాలి."

నాకు కళ్ళకి శుక్లాలు. తెర ముందు ఎంతోసేపు కూర్చోలేను. మా వీధి చివరింటి అమ్మాయి ఒకర్తి ఉంది, ఇరవై దాటిన పిల్ల, ఫోన్ల కొట్లో పని చేసేది. చురుకైనది, ఇంగ్లీషు బాగా వచ్చు. తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడదు. నేను తెలుగులో పలకరిస్తే బర్మీస్‌లో జవాబిస్తుంది. వాళ్ళమ్మతోనూ అంతే. "తప్పు మాట్లాడితే నవ్వుతారు ఆంటీ" అంటుంది, బర్మీస్‌లోనే. నా బదులు దాన్ని కూర్చోబెడతానని చెప్పాను.

మొదటి రోజు మా ఇంట్లోనే కూర్చోబెట్టి ఫోన్ కలిపాను. తెర మీద ఆవిడ కొత్త వంటింట్లో నిలబడి ఉంది. వేళలూ, అతిథులూ, గదులూ అన్నీ ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు. అన్నీ అయ్యాక ఆవిడ గొంతు సవరించుకుంది. తెలుగులోకి దిగబోతోందని నాకు తెలిసింది.

"నువ్వు... అన్నం తిన్నాడా?" అంది.

అమ్మాయి నా వైపు చూసింది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

"తిన్నాడా కాదండి," అంది అమ్మాయి, నెమ్మదిగా, తెలుగులో. "తిన్నావా అనాల. తినేసినానండి."

"ఓహో. తిన్నావా. ఏటి కూర?"

"సేపల పులుసు."

"పులుసులోకి చింతపండేనా?"

అమ్మాయి కుర్చీ ముందుకి లాక్కుంది. చింతపండు ఎంత, మిరపకాయలు ఎప్పుడు, చేప ఎప్పుడు. మాట దొరకని చోట బర్మీస్, ఇంగ్లీషు, చేతులు. తప్పులు ఇద్దరివీ బోలెడు. నేను లేచి టీ పెట్టడానికి లోపలికి వెళ్ళాను. వాళ్ళిద్దరూ ఆ సంగతే గమనించలేదు.